సంక్రాంతి మిక్స్ చేసి పంపితే ఎవరూ వినడం లేదు. పాత, వింత పాటలు కలిపేవాళ్లు ఇటు రండి

తెనాలి_టేపు
ఏటా భోగికి ఒక పాటల మిక్స్ చేసి చుట్టాలకీ స్నేహితులకీ పంపడం నాకు అలవాటు. క్యాసెట్ల రోజుల్లో మొదలైంది, తర్వాత సీడీ అయింది, ఇప్పుడు లింకు. ఊరికే దొరికే పాటలు వేయను. సినిమాల్లో లేని ప్రైవేటు పాటలు, నాటకాల పద్యాల రికార్డులు, సినిమా ఆడినన్నాళ్లూ వినబడి తర్వాత మాయమైన హాస్యగీతాలు, మధ్య మధ్యలో పండగ పాటలు. ఈసారి పంపాక మా పిన్ని కొడుక్కి ఫోన్ చేసి ఎలా ఉందిరా అంటే "మొదటి పాటే గరగరలాడుతుంటే ఫైలు పాడైందనుకుని డిలీట్ చేశానన్నా" అన్నాడు. ఇంకొకాయన "దీనికి డీజే వెర్షన్ లేదా" అన్నాడు. మా మేనకోడలు ఒక్కతే మొత్తం విన్నది, అదీ అంట్లు తోముకుంటూ. ఇక్కడ ఇలాంటివి చేసేవాళ్లెవరైనా ఉన్నారా? ఎలా కలిపితే జనం చివరిదాకా వింటారు?

నిద్రమత్తు
అంట్లు తోముతూ విన్నదంటే అసలు శ్రోత ఆవిడే. మిగతావాళ్లని లిస్టులోంచి తీసేయండి.

మైక్‌సెట్_మూర్తి
మా నాన్న మైకు సెట్టు నడిపేవారు. పెళ్లిళ్లు, తిరునాళ్లు, వినాయక చవితి పందిళ్లు. మొదటి పాట ఊరంతటికీ తెలిసినదే పడాలని ఆయన పట్టు. చవితి పొద్దున కొబ్బరిచెట్టుకి హారన్ కట్టగానే ఘంటసాల "వాతాపి గణపతిం భజే" మోగాల్సిందే. 1957లో వచ్చిన వినాయక చవితి సినిమాలోది. ఇంకో రెండు మూడు తెలిసినవి వేసి, జనం ఎవరి పనుల్లో వాళ్లు పడ్డాక తనకిష్టమైన విచిత్రాలన్నీ బయటికి తీసేవారు. అప్పుడు ఎవరూ అడ్డు చెప్పరు. టూరింగ్ టాకీసు వాళ్లదీ అదే పద్ధతి. "నమో వెంకటేశా" వినబడిందంటే ఇక ఆట మొదలవబోతోందని ఊరికి అర్థం. మీరు మొదటి పాటకే 78 రికార్డు (నిమిషానికి 78 చుట్లు తిరిగే పాతకాలం రికార్డు) గరగర వినిపిస్తే పారిపోరా మరి?

తెనాలి_టేపు
తెలిసిన పాటలు వేయడానికి నేనెందుకు మూర్తి గారూ, రేడియో ఉందిగా.

మైక్‌సెట్_మూర్తి
పాటలు అనలేదు. పాట అన్నాను. ఒక్కటి.

పేకముక్క
నేను సంక్రాంతి మిక్స్ ఎప్పుడూ "అయ్యయ్యో చేతిలో డబ్బులు పోయెనే"తోనే మొదలెడతా. కులగోత్రాలు, 1962. కొసరాజు రాశారు, మాధవపెద్ది, పిఠాపురం పాడారు. ఇది పండగ పాట ఎలా అవుతుందని మా ఆవిడ అడుగుతుంది. కనుమ నాటికి మా ఊళ్లో సగం మంది మగాళ్ల నోట అదే మాట కదా, అంతకన్నా పండగ పాట ఏముంటుంది?

కాకినాడ_కాజా
పందెం బరి పక్కన స్పీకర్ పెట్టి వినిపించాలి దాన్ని.

పేకముక్క
కాజా గారూ, అలా చేస్తే కోడి కంటే ముందు నేను పోతాను.

వరంగల్_పిల్ల
నేను బతుకమ్మకు చేస్తా. ప్రతి సంవత్సరం కొత్త పాటలు కుప్పలుగా వస్తాయి, అన్నీ డప్పు బీటు, అన్నీ ఒకే స్పీడు. రెండేళ్ల కింద నేను కూడా అవన్నీ గుచ్చి ఒక మిక్స్ చేసి వాడకట్టులో పెట్టిన. పిల్లలు ఎగిరిన్రు. మా అమ్మ, పక్కింటి పెద్దమ్మలు మాత్రం పక్కకు జరిగి నిలబడ్డరు. ఎందుకంటే "మేం అందుకునే సందేది బిడ్డా?" అన్నది అమ్మ.

అప్పుడు నాకు అర్థమైంది. బతుకమ్మ పాట ఒకరు చెప్పాలె, మిగతావాళ్లు అందుకోవాలె. "ఒక్కేసి పువ్వేసి చందమామ" అని ఒకరంటే గుంపు దాన్నే తిరిగి అంటుంది. చప్పట్లకు వంగడం, లేవడం, ఒక అడుగు ముందుకు జరగడం అన్నీ దాని మీదనే నడుస్తయి. స్టూడియోల పాడినప్పుడు ఆ అందుకునే గుంపును కూడా వాళ్లే పాడేస్తరు, లేదంటే ఆ జాగలో మ్యూజిక్ నింపుతరు. ఇప్పుడు నేను అమ్మతోని ఒక్కో చరణం పాడించి ఫోన్ల రికార్డు చేసి, ప్రతి చరణం తర్వాత అంతే నిడివి ఖాళీ వదిలేస్తున్న. ఖాళీల చప్పట్లు మాత్రమే ఉంటయి. ఇంట్ల కూర్చుని వింటే పిచ్చి ఫైలు లెక్క ఉంటది. బతుకమ్మ చుట్టూ పెడితే మస్తు పనిచేస్తది.

సూదిమొన
ఈ థ్రెడ్‌లో ఇప్పటిదాకా వచ్చినవాటిలో ఇదే మంచి ఐడియా. ఖాళీ వదిలిన మిక్స్!

తెనాలి_టేపు
నిజమే. నేను పాట పాటకీ మధ్య అరసెకను కూడా ఉండకూడదని తెగ కష్టపడుతుంటా.

డల్లాస్_బాబాయి
నాకీ పిచ్చి ఇక్కడ అమెరికాలో అంటుకుంది. ఆఫీసులో ఒక పెద్దాయన ఏటా డిసెంబరులో ఎవరూ వినని క్రిస్మస్ పాటలన్నీ ఏరి సీడీ చేసి అందరి డెస్కుల మీదా పెట్టేవాడు. కుక్కలు మొరిగినట్టు పాడినవి, హవాయి గిటార్ మీద వాయించినవి, పళ్లూడిన పిల్లలు పాడినవి. ఇలాంటి మిక్సులు చేసి పంచుకునేవాళ్లు ఇక్కడ చాలామందే. మనకెందుకు లేదు ఈ సరదా అనుకుని దీపావళికి మొదలుపెట్టాను.

దీపావళి పాటలు తెలుగులో వెతికితే తక్కువేం కాదు. షావుకారు (1950)లో "దీపావళి దీపావళి" ఉంది. విచిత్రబంధం (1972)లో "చీకటి వెలుగుల రంగేళి" సరే, అందరికీ తెలిసిందే. మూర్తి గారి లెక్కలో అది మొదటి పాట. ఇక జనం వినడం సంగతి. మా పిల్లలకి తెలుగు అంతంత మాత్రం. ఉత్త పాటలు వేస్తే కారులో రెండో పాటకే హెడ్‌ఫోన్లు పెట్టేసుకునేవాళ్లు. అందుకని పాటకి ముందు నేనే రేడియో అనౌన్సర్‌లా రెండు ముక్కలు మాట్లాడి కలపడం మొదలెట్టా. "ఇప్పుడు వినబోయే పాట పాడినప్పుడు మీ తాతయ్యకి మీ వయసు" అంటే చాలు, చెవులు ఇటు తిప్పుతారు. చిన్నప్పుడు జనరంజని విన్నవాళ్లకి ఆ గొంతు ఎలా పెట్టాలో చెప్పక్కర్లేదుగా. పాట కోరినవారు ఫలానా ఊరి నుంచి ఫలానా ఫలానా అని చుట్టాల పేర్లు కూడా చదువుతాను. తమ పేరు ఎక్కడ వస్తుందోనని చివరిదాకా వింటున్నారు. ఇదీ కిటుకు.

నిద్రమత్తు
బాబాయిది మోసం, కానీ బావుంది.

హరిదాసు_ఫ్యాన్
నేను ఒప్పుకోను. పాటకీ పాటకీ మధ్య మాటలొస్తే నాకు చిరాకు. మిక్స్ అంటే పాటలే ఒకదానితో ఒకటి మాట్లాడుకోవాలి. హరిదాసు "హరిలో రంగ హరి" తర్వాత ఏం రావాలి అన్నదాని మీదే నేను వారం ఆలోచిస్తా.

డల్లాస్_బాబాయి
మరి ఏం వస్తుంది?

హరిదాసు_ఫ్యాన్
"రావమ్మా మహాలక్ష్మీ". ఉండమ్మా బొట్టుపెడతా, 1968. బాలు గొంతు. మా వీధిలో రికార్డు చేసిన హరిదాసు తంబూర శ్రుతికి దగ్గరగా వచ్చేలా పాటని కొంచెం కిందికి దించి కలిపా. ఎక్కడ అతుకు పడిందో మా వాళ్లెవరూ పట్టుకోలేదు.

తెనాలి_టేపు
అన్నా, వీధిలో రికార్డు చేశారా! దాని గురించి చెప్పండి.

హరిదాసు_ఫ్యాన్
ధనుర్మాసంలో పొద్దున్నే వస్తాడాయన, తల మీద అక్షయపాత్ర, కాలికి గజ్జెలు. ముందే అడిగాను, పాడింది దాచుకుంటాను, నలుగురికీ పంపుతాను, పర్వాలేదా అని. బియ్యంతో పాటు డబ్బులూ ఇచ్చాను. గేటు బయట, మోటార్ సైకిళ్లు లేని టైములో తీస్తే ఫోనైనా చక్కగా వస్తుంది. గంగిరెద్దుల వాళ్ల సన్నాయి మాత్రం ఫోన్‌కి లొంగదు, దగ్గరికెళ్తే పగిలిపోతుంది. నాలుగిళ్ల అవతల నిలబడి తీయాలి. "అమ్మగారికి దండం పెట్టు" అన్న మాట, ఎద్దు మెడలో గంట, వెనకాల పిల్లల గోల, అన్నీ కలిసి పడాలి. గోల తీసేయకండి.

వరంగల్_పిల్ల
అడిగి, డబ్బులిచ్చి తీసిన్రు, అది మంచిగుంది. చాలామంది ఊరికె తీసుకుని ఛానెల్ల పెట్టుకుంటున్నరు.

సూదిమొన
గరగర సంగతికి వద్దాం, మొదటి పోస్టులో అదే కదా అసలు ఫిర్యాదు. టేపు గారూ, 78లను ఏ సూదితో ఎక్కించారు?

తెనాలి_టేపు
మామూలు టర్న్‌టేబుల్‌కి వచ్చిన సూదే.

సూదిమొన
అక్కడే ఉంది తేడా. 78 రికార్డు గాడి వెడల్పు, తర్వాత వచ్చిన ఎల్పీ (లాంగ్ ప్లే) రికార్డు గాడి సన్నం. 78కి సుమారు 3 మిల్ (మిల్ అంటే అంగుళంలో వెయ్యో వంతు) సూది కావాలి, ఎల్పీకి 1 మిల్ లేదా ఇంకా సన్నం. సన్న సూది పెడితే అది గాడి అడుక్కి దిగి, అక్కడున్న చెత్తనంతా చదువుతుంది. మీరు విన్న గరగరలో సగం రికార్డుది కాదు, సూదిది. 78 సూది విడిగా దొరుకుతుంది, మీ సూది అమరే కార్ట్రిడ్జ్‌కి సరిపోయేది చూసుకోండి. రెండోది, సాఫ్ట్‌వేర్‌లో నాయిస్ తగ్గించేటప్పుడు మోజుపడి బార్ చివరిదాకా లాగకండి. గరగరతో పాటు వయొలిన్ కూడా పోయి, గాయని బావిలోంచి పాడుతున్నట్టుంటుంది. గట్టి టిక్కులు మాత్రం తీసేసి మిగతాది ఉంచేయండి.

పేకముక్క
నేను స్పిరిట్‌తో తుడుస్తా రికార్డుల్ని. తళతళలాడతాయి.

సూదిమొన
ఆపండి మహాప్రభో! 78లు లక్కతో చేసినవి. స్పిరిట్ లక్కని కరిగిస్తుంది. ఆ తళతళ పాట కరిగిన తళతళ. నీళ్లలో చుక్క సబ్బు ద్రవం వేసి మెత్తని బ్రష్‌తో గాడి వెంబడే తుడవండి, మధ్యలో లేబుల్ తడవకూడదు, నీడన ఆరబెట్టండి.

పేకముక్క
...అయ్యయ్యో చేతిలో రికార్డులు పోయెనే.

కాకినాడ_కాజా
హహహ. పేకముక్క గారికి నా సానుభూతి.

నిద్రమత్తు
మొత్తం థ్రెడ్‌లో ఇదొక్కటి ఫ్రేమ్ కట్టించుకోవాలి.

కాకినాడ_కాజా
క్రిస్మస్ గురించి ఎవరూ ఎత్తలేదేంటి? మా ఇంట్లో నేను చేసేది చిత్రమైన మిక్స్. ఒకే పాట, వేర్వేరు చర్చిలు. "శ్రీ యేసుండు జన్మించె రేయిలో" తీసుకున్నా. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో ప్రతి పాట మీదా రాగం, తాళం వేసి ఉంటాయి కానీ ఏ ఊరికి వెళ్తే ఆ ఊరి నడక. మా ఊళ్లో హార్మోనియం, డోలక్‌తో నింపాదిగా పాడతారు. మా అత్తగారి ఊళ్లో తప్పెట మీద పరుగో పరుగు. సిటీలో గిటారు, కీబోర్డు. అర్ధరాత్రి లారీ ఎక్కి ఇంటింటికీ తిరిగే కేరల్ గుంపు పాడేటప్పుడు గేరు మార్చిన చప్పుడు కూడా ఉంటుంది అందులో. వరసగా వింటే విసుగు రాదు, ఒట్టు. "రారె చూతము రాజసుతుడు" కూడా ఇలాగే పోగేస్తున్నా, మీ ఊరిది ఉంటే పంపండి.

మైక్‌సెట్_మూర్తి
లారీ గేరు చప్పుడు బాగుందండీ.

హరిదాసు_ఫ్యాన్
మా పాలమూరు వైపు పీర్ల పండగ పాటలు ఎవరి దగ్గరైనా ఉన్నాయా? నిప్పుల గుండం చుట్టూ ఆడుతూ "అసోయ్ దూలా" అంటారే, అవి. మా చిన్నాన్న పాడేవాడు, ఊళ్లో హిందువులూ ముస్లిములూ అందరూ ఆడేవాళ్లు. పండగ మిక్స్‌లో పెట్టొచ్చా అని సందేహం కూడా ఉంది, మొహర్రం సంతాపం కదా.

వరంగల్_పిల్ల
ఊళ్ల దాన్ని పండుగనే అంటరు, నిజమే. కానీ డీజే పాట పక్కన పెట్టకుండ్రి. వేరేగా, ఒక్కటిగా పెట్టుండ్రి. మా మామ దగ్గర పాత క్యాసెట్ ఉండాలె, అడిగి చెప్త.

డల్లాస్_బాబాయి
సరదాకి మళ్లుదాం. నవ్వుల మిక్స్ ఒకటి చేశా. మాయాబజార్ (1957)లో మాధవపెద్ది "వివాహ భోజనంబు", దాని వెంటనే ఇంగ్లండులో 1922లో చార్లెస్ పెన్రోజ్ రికార్డు చేసిన "ది లాఫింగ్ పోలీస్‌మన్", దాని వెనక 1890లలో అమెరికాలో జార్జ్ జాన్సన్ అనే నల్లజాతి గాయకుడు పాడిన నవ్వుల పాట. మూడూ వరసగా వినండి. మా పిల్లలు ముక్కు మీద వేలేసుకున్నారు.

మైక్‌సెట్_మూర్తి
అంటే ఘటోత్కచుడు కాపీ కొట్టాడంటావా బాబాయ్? మాయాబజార్ జోలికొస్తే ఊరుకోం.

డల్లాస్_బాబాయి
కాపీ అనలేదు మూర్తి గారూ, వరసగా వినమన్నాను. ఆ హహహ ఎన్ని సముద్రాలు దాటి వచ్చిందో చూడండి అంతే. గారెలూ బూరెలూ మాత్రం మనవే.

నిద్రమత్తు
నవ్వుల మిక్స్ సరే, ఏడుపు మిక్స్ కథ వినండి. మా తాతయ్యకి ఇష్టమని ఘంటసాల ప్రైవేటు రికార్డులన్నీ కలిపి ఆదివారం పొద్దున్నే పెద్దగా పెట్టా. పుష్పవిలాపం దాకా బాగానే సాగింది. తర్వాత భగవద్గీత మొదలైంది. పది నిమిషాల్లో ఎదురింటివాళ్లు తువ్వాలు భుజానేసుకుని వచ్చేశారు. తాతయ్యే వెళ్లి తలుపు తీశాడు.

కాకినాడ_కాజా
అయ్యో!! వాళ్ల మొహాలు చూడాలి.

పేకముక్క
తాతయ్య ఏమన్నారు?

నిద్రమత్తు
"కాఫీ తాగి వెళ్లండి, వచ్చారు కదా" అన్నాడు.

లా_పాయింటు
మధ్యలో దూరుతున్నా, క్షమించాలి. లింకులు పంచుకునేవాళ్లకి చిన్న మాట. 1957 కాపీరైట్ చట్టం కింద సౌండ్ రికార్డింగ్ హక్కు, అది విడుదలైన మరుసటి జనవరి నుంచి 60 ఏళ్లు. పేకముక్క గారి 1962 పాట రికార్డింగ్ హక్కు 2022తో ముగిసింది. అయితే పాట రాసినవారి, బాణీ కట్టినవారి హక్కు వేరే లెక్క, వారు పోయిన తర్వాత 60 ఏళ్లు. ఘంటసాల 1974లో పోయారు కాబట్టి ఆయన కట్టిన బాణీలకి 2034 చివరిదాకా ఉంటుంది. కొసరాజు 1986లో పోయారు, ఆయన సాహిత్యానికి ఇంకా చాలా టైముంది. ఇంటి మనుషులకి పంపుకోవడం ఒకటి, ఊరందరికీ లింకు తెరవడం ఇంకొకటి. జానపదం ఎవరూ రాసినది కాదు కాబట్టి అమ్మ పాడిన బతుకమ్మ పాట హాయిగా పంచుకోవచ్చు, అమ్మ ఒప్పుకుంటే.

వరంగల్_పిల్ల
అమ్మ ఒప్పుకుంది, కానీ గొంతు బొంగురుపోయిన చరణం తీసేయమంటున్నది. నేను తీయను.

తెనాలి_టేపు
నేను పోయినేడు ఒక వీడియో సైటులో పెడితే రాత్రికి రాత్రే ఆపేశారు, అప్పటినుంచి చుట్టాలకి మాత్రమే. లా గారూ, థాంక్స్.

ఒకే ఫైలుగా పంపాలా, విడి పాటలుగానా? ఒకే ఫైలైతే దాటేయలేరు అని నా దుర్బుద్ధి.

సూదిమొన
దాటేయలేకపోతే మొత్తానికే ఆపేస్తారు. పాత క్యాసెట్ కొలతే వాడండి. సీ-60 అంటే ఒక్కో వైపు 30 నిమిషాలు. ఏ సైడు ఒక ఫైలు, బి సైడు ఇంకో ఫైలు. వాట్సాప్‌లో పంపేటప్పుడు డాక్యుమెంట్‌గా పంపండి, శబ్దం నలగదు. 1940ల నాటి ప్రైవేటు పాట పక్కన ఇప్పటి పాట వస్తే చెవి అదిరిపోతుంది, కాబట్టి ఆడాసిటీ అనే సౌండ్ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో లౌడ్‌నెస్ నార్మలైజేషన్ (పాటల శబ్దాన్ని ఒకే స్థాయికి తెచ్చేది) ఒకసారి తిప్పండి. పాట దేనికది విడిగా చేయాలి, మొత్తం కలిపాక కాదు.

మైక్‌సెట్_మూర్తి
30 నిమిషాలు కరెక్టు. రికార్డింగ్ షాపుల్లో పాటల చీటీ ఇచ్చి చేయించుకునేవాళ్లం గుర్తుందా? చివర ఒక పాటకి టేపు చాలక సగంలో తెగిపోయేది. ఇప్పటికీ కొన్ని పాటలు అక్కడ తెగకపోతే నాకు ఏదో తక్కువైనట్టుంటుంది.

కాకినాడ_కాజా
రేడియో నుంచి టేపు చేసినవాటిలో చివర అనౌన్సర్ అందుకునేది. విజయవాడ కేంద్రం ఈ మాసపు పాట మా అక్క నేర్చుకుంటూ టేపు చేసింది, వెనకాల మా కుక్కర్ కూత కూడా పడింది. ఆ పాట ఇంకెక్కడైనా వింటే కూత దగ్గర ఆగి ఎదురుచూస్తా.

హరిదాసు_ఫ్యాన్
చూశారా, గోల తీసేయకండి అన్నది అందుకే.

తెనాలి_టేపు
సరే, మూర్తి గారి మాట ప్రకారం మొదటి పాట తెలిసినదే. బాబాయి మాట ప్రకారం చుట్టాల పేర్లు, కానీ ఏ సైడులోనే. బి సైడులో ఒక్క మాట కూడా ఉండదు, హరిదాసు గారి కోసం. 78లు బి సైడుకే, కొత్త సూది వచ్చాక. ఉగాదికి మనం ఒకరికొకరం మిక్సులు పంపుకుందామా? మనలో మనమే, బయట లింకు లేదు.

పేకముక్క
ఉగాది అంటే ఆరు రుచులు, ఆరు పాటలు. ఒక్కొక్కరు ఒక్క రుచి తీసుకుందాం. కారం నాది, ఎల్.ఆర్. ఈశ్వరి "మసక మసక చీకటిలో".

కాకినాడ_కాజా
తీపి నాది. పేరే కాజా.

వరంగల్_పిల్ల
పులుపు నాకియ్యుండ్రి. బావామరదళ్ల పాటలు మా అమ్మకు బోలెడు వస్తయి.

హరిదాసు_ఫ్యాన్
వగరు తీసుకుంటా. వగరు పాట ఎలా ఉంటుందో మాత్రం అడగకండి, వెతకాలి.

సూదిమొన
ఉప్పు నాది. ఎవరి పాటలో లౌడ్‌నెస్ సరిచేయకపోయినా చెప్పేస్తాను, ముందే హెచ్చరిక.

డల్లాస్_బాబాయి
చేదు ఎవరికీ అక్కర్లేనట్టుంది?

నిద్రమత్తు
నాకు వదిలేయండి. మా బావగారు కరోకేలో పాడినవి మూడు గంటల రికార్డింగ్ ఉంది నా దగ్గర. డాక్యుమెంట్‌గా పంపుతా, ఏమాత్రం నలగకుండా.